పత్తి చేను మందు ఇంట్లో కొట్టకండి: తక్కువ ఖర్చులో బొద్దింకలు, నల్లులు, చీమల్ని వదిలించుకునే పద్ధతి

మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. మిర్యాలగూడ నుంచి మా చిన్నమ్మ, పాలమూరులో అద్దెకుంటున్న మా తమ్ముడు, నల్లగొండలో మా పాత ఇంటి పక్క పోర్షన్ వాళ్లు, అందరిదీ ఒకటే మాట. "స్ప్రే కొట్టినం, రెండు రోజులు కనబడలే. మల్ల ఒచ్చినయ్. ఇప్పుడేం జెయ్యాలె?" ఒక్కొక్కరికీ అరగంట చెప్తాను. వాళ్లు సగం మరిచిపోయి మళ్లీ చేస్తారు. అందుకే ఈసారి మొత్తం రాసి పెడుతున్నాను. ఎక్కువ భాగం బొద్దింకల గురించే ఉంటుంది, అడిగేవాళ్లలో చాలామంది బాధ అదే కాబట్టి. తర్వాత నల్లులు. చీమలు, పప్పు పురుగు, చెదలు చివర్లో క్లుప్తంగా.

నేను ఇందులో చదువుకున్నదేమీ లేదు. అద్దె ఇళ్లు మారీ మారీ నేర్చుకున్నాను. ఒకసారి విసిగిపోయి 1,500 రూపాయలిచ్చి మందు కొట్టేవాళ్లను పిలిచాను. ఇల్లంతా తడిపి వెళ్లారు. మూడు రోజులు తల నొప్పి, ఇరవయ్యో రోజుకు గ్యాస్ పొయ్యి కింద మళ్లీ పిల్ల బొద్దింకలు. తర్వాత ఆ డబ్బులో ఐదో వంతు కూడా పెట్టకుండా నేనే వదిలించుకున్నాను. కాకపోతే ఆరు వారాలు పట్టింది. రేపటికల్లా పోవాలంటే మాత్రం ఈ పద్ధతి మీకు పనికిరాదు.

ముందుగా చేను మందు సంగతి

మన దిక్కు పత్తో వరో వేయని ఊరు లేదు. చాలా ఇళ్లలో సజ్జ మీద సగం మిగిలిన పురుగుమందు డబ్బా ఉంటుంది. "చేన్ల పురుగే చస్తది, బొద్దింక ఎంత" అని దాన్నే నీళ్లలో కలిపి మంచం కింద, వంటింట్లో కొడతారు. దయచేసి ఆ పని చేయకండి. చేనులో మందు ఎండకు, గాలికి, వానకు పోతుంది. తలుపులేసిన అర్రలో ఎటూ పోదు. గోడకు, బొంతకు పట్టుకుని ఉంటుంది. మీ పిల్లలు అదే నేల మీద పాకుతారు.

డబ్బా మీద నిలువుగా నిలబెట్టిన చతురస్రం లాంటి గుర్తు ఉంటుంది చూడండి. దాని కింది సగంలో ఎరుపు ఉంటే అత్యంత విషం, పసుపు ఉంటే దాని తర్వాతది, నీలం ఇంకా తక్కువ, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. ఎరుపు, పసుపు గుర్తున్న డబ్బా ఇంటి లోపల తెరవడానికే లేదు. రంగు ఏదైనా సరే, లేబుల్ మీద ఇళ్లలో వాడకానికి అని లేకపోతే వాడొద్దు.

ఇంకో మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి. పెద్దవాళ్లు ఇప్పటికీ అడిగే గమాక్సిన్ పొడిలో ఉండే బీహెచ్‌సీని మన దేశంలో 1997లోనే నిషేధించారు. నల్లులకు బాగా పనిచేస్తుందని పేరున్న డైక్లోర్వాస్‌ను 2020 డిసెంబర్ 31 నుంచి ఆపేశారు. పాత నిల్వ ఎవరైనా చేతిలో పెట్టినా తీసుకోవద్దు. మూడోది అన్నిటికన్నా ప్రమాదం: గోదాముల్లో బస్తాలకు పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు. గాలిలోని తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే గ్యాస్ వస్తుంది. అది పక్క అర్రలోకి కూడా పాకుతుంది. దానికి విరుగుడు మందు లేదు. మనుషులు పడుకునే ఇంట్లో ఒక్క బిళ్ల కూడా పెట్టొద్దు.

ఏమేం కావాలి

- బోరిక్ పౌడర్, 100 గ్రాములు. మెడికల్ షాపులో అడగండి. క్యారంబోర్డు పౌడర్ చాలావరకు ఇదే, కానీ కొన్నిట్లో పిండి కలుస్తుంది.
- గోధుమ పిండి, చక్కెర, ఒక చిన్న ఉల్లిగడ్డ.
- బట్టలకు వేసే నీలిమందు నాలుగు చుక్కలు. ఎందుకో కింద చెప్తాను.
- నీళ్ల సీసా మూతలు పదిహేను, ఇరవై.
- కడిగి పూర్తిగా ఆరబెట్టిన ఖాళీ జిగురు సీసా, సన్న ముక్కుది.
- అర కిలో వైట్ సిమెంట్, పాత గరిటె.
- మోరి జాలీ మీద కట్టడానికి దోమతెర ముక్క.
- టార్చి, మాస్కు, చేతులకు ప్లాస్టిక్ కవర్లు.

తెచ్చిన పౌడర్ అసలుదో కాదో ఇంట్లోనే చూడొచ్చు. గ్లాసు వేడి నీళ్లలో అర చెంచా వేసి కలపండి. బోరిక్ అయితే తేటగా కరిగిపోతుంది. పాలలా తెల్లబడి అడుగున పేరుకుంటే అందులో పిండో సుద్దో ఉన్నట్టే.

బొద్దింకలు: వరుసగా చేయాల్సినవి

1. ఏ బొద్దింకో గుర్తుపట్టండి.

వేలి గోరంత ఉండి, లేత గోధుమ రంగులో, తల వెనక రెండు నల్ల గీతలుంటే అది ఇంట్లోనే పుట్టి పెరిగే రకం. పేరు జర్మన్ బొద్దింక. ఫ్రిజ్ మోటారు దగ్గర, మిక్సీ అడుగున, షెల్ఫు సందుల్లో ఉంటుంది. బొటనవేలంత పొడుగుండి ఎర్రగా మెరుస్తూ, అప్పుడప్పుడు ఎగురుతుంటే అది మోరీల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ఉండి రాత్రిపూట పైకి వచ్చే రకం. చిన్నదానికి ఎర పెట్టాలి. పెద్దదానికి దారి మూయాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: మోరి నుంచి వచ్చేవాటి కోసం వంటింట్లో మందు కొడుతుంటారు.

2. ఒక రాత్రి లెక్క పెట్టండి.

అన్నాలు తిని, బోళ్లు కడిగి, లైట్లు తీసేసి గంట ఆగండి. తర్వాత టార్చి వేసి వంటింట్లోకి వెళ్లండి. ఎక్కడెక్కడ ఎన్ని ఉన్నాయో చూసి, గోడ మీద క్యాలెండర్‌లో ఆ తారీఖు కింద రాయండి. గ్యాస్ బండ ఎప్పుడు పెట్టామో, పాలు ఎన్ని పోయించుకున్నామో రాసుకునే క్యాలెండరే. మళ్లీ వారానికొకసారి ఇదే సమయానికి చూడాలి. ఈ అంకె రాసుకోకపోతే మందు పనిచేస్తోందో లేదో మీకు తెలియదు. "ఇంకా కనబడుతున్నయ్" అనే మాటకు అర్థం లేదు. నలభై నుంచి పదికి వచ్చినా కనబడుతూనే ఉంటాయి.

పగటిపూట కూడా తిరుగుతున్నాయంటే సందులు నిండిపోయాయని అర్థం. అప్పుడు కింది పనులన్నీ చేయాలి, ఏదీ వదిలేయకూడదు.

3. తడి ఆపండి.

మా అమ్మ దేవరకొండ దిక్కు ఊళ్లో ఉంటుంది. ఆమె మాట ఒకటే: "మందు తర్వాత, ముందుగాల తడి ఆపు బిడ్డా." ఆమె సరిగ్గానే చెప్పింది. జర్మన్ బొద్దింక తిండి లేకుండా నెల దాకా గడుపుతుంది కానీ, నీళ్లు లేకుండా రెండు వారాలు కూడా కష్టమే. పడుకునే ముందు సింకు తుడవండి. కారే నల్లాకు వాషర్ మార్చండి, పది రూపాయల పని. బిందెల అడుగున తడి, ఫ్రిజ్ వెనక నీళ్లు పడే ట్రే, నానబెట్టిన బోళ్లు, తడి మసిగుడ్డ, ఇవే వాటి బావులు. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఇళ్లలో వంటింట్లోనే డ్రమ్ము పెట్టుకుంటారు. పెట్టుకోండి, కానీ దాని కింద రెండు ఇటుకలు వేసి నేల ఆరేలా చూడండి.

4. అట్టపెట్టెలు బయట పడేయండి.

కిరాణం నుంచి వచ్చిన అట్టపెట్టె, గుడ్ల ట్రే, పాత పేపర్ల కట్ట, సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్. చిన్న బొద్దింక ఇంట్లోకి వచ్చేది చాలావరకు వీటితోనే. షెల్ఫుల్లో పరిచిన పాత న్యూస్ పేపర్లు తీసేయండి. వాటి కింద ఎర్రటి గింజల్లాంటి గుడ్ల సంచులు కనబడితే ఊడ్చి బయట పారేయొద్దు, నలిపేయండి లేదా మరిగే నీళ్లలో వేయండి. జర్మన్ బొద్దింక ఒక్కో సంచిలో 30 నుంచి 40 పిల్లలుంటాయి.

5. స్ప్రే ఆపండి. పూర్తిగా.

ఇది ఎవరికీ నచ్చదు. స్ప్రే ఎదురుగా ఉన్న నాలుగింటిని చంపుతుంది, మిగతావాటిని గోడ లోపలికి తరుముతుంది. అంతకన్నా నష్టం ఏంటంటే, స్ప్రే వాసన పడిన చోట పెట్టిన ఎరను అవి ముట్టవు. ఎర పెట్టడానికి కనీసం నాలుగు రోజుల ముందు నుంచి స్ప్రే కొట్టొద్దు. ఇంతకుముందు కొట్టిన చోట్లను సబ్బు నీళ్లతో తుడవండి. కంటపడ్డదాన్ని చంపకుండా ఉండలేకపోతే లీటరు నీళ్లలో రెండు చెంచాల బోళ్లు తోమే లిక్విడ్ కలిపి చల్లండి, అది చాలు.

6. ఎర ఉండలు చేయండి.

బోరిక్ పౌడర్ రెండు చెంచాలు, గోధుమ పిండి రెండు చెంచాలు, పొడి చేసిన చక్కెర ఒక చెంచా, సన్నగా నూరిన ఉల్లిగడ్డ కొంచెం. నీలిమందు నాలుగు చుక్కలు వేసి చపాతీ పిండిలా కలపండి. నీలం ఎందుకంటే, తెల్లగా ఉంటే అది ఏ పిల్లవాడికైనా మిఠాయిలా కనబడుతుంది, ఇంట్లో పెద్దవాళ్లకు పిండిలా కనబడుతుంది. నీలం ఉండను ఎవరూ నోట్లో పెట్టుకోరు. కలిపిన గిన్నె, చెంచా మళ్లీ వంటకు వాడొద్దు. గర్భిణులు ఈ పని ఇంకొకరికి అప్పగించాలి.

శనగగింజంత ఉండలు చేసి, మూతకు రెండు చొప్పున పెట్టండి. గ్యాస్ పొయ్యి వెనక, సింకు కింద మూలలో, ఫ్రిజ్ వెనక, షెల్ఫు చివర గోడకు ఆనించి, అంటే మీరు రెండో మెట్టులో ఎక్కువ చూసిన చోట్లలో. గది మధ్యలో పెట్టి లాభం లేదు. బొద్దింక గోడ అంచు పట్టుకునే నడుస్తుంది. పెద్ద ఎర ఒకటి పెట్టేకన్నా చిన్నవి ఇరవై చోట్ల పెట్టడం మేలు.

పాకే పిల్లలు, కుక్కపిల్ల ఉన్న ఇల్లయితే ఉండలు వద్దు. సిరంజిలో వచ్చే బొద్దింకల జెల్ కొనండి. ఖర్చు కొంచెం ఎక్కువే, కానీ గోరంత చుక్కను తలుపు బందుల సందులో, షెల్ఫు కింది వైపు పెట్టొచ్చు, పిల్లల చేయి అందదు. అది కూడా ఎరే, దాని దగ్గరా స్ప్రే కొట్టకూడదు.

7. పొడి చల్లండి, కనబడీ కనబడనట్టు.

మన పాత ఇళ్లలో వంటింటి షెల్ఫులన్నీ షాబాదు బండలే. బండకు, గోడకు మధ్య సందు ఉంటుంది. అదే వాటి కాలనీ. జిగురు సీసాలో బోరిక్ పౌడర్ సగం వరకే పోసి, ఆ సందులోకి రెండుసార్లు వత్తండి. పొగలా లోపలికి పోవాలి. కుప్పగా పడితే బొద్దింక దాన్ని చుట్టుతిరిగి పోతుంది. పలచగా ఉంటే కాళ్లకంటుకుంటుంది, తర్వాత నాకి శుభ్రం చేసుకుంటూ మింగుతుంది. తడిస్తే గడ్డకట్టి ఎందుకూ పనికిరాదు, కాబట్టి సింకు గోడకు వద్దు. బోళ్లు పెట్టే చోట, తిండి పెట్టే చోట అసలే వద్దు. కరెంటు బోర్డు లోపల చల్లాలనుకుంటే మెయిన్ ఆపేయాలి. నేనైతే బోర్డు జోలికి పోను, దాని పక్క గోడ సందులో మాత్రం చల్లుతాను.

8. వారం తర్వాత సందులు మూయండి.

ఎంత సందు మూయాలో చూడటానికి రూపాయి బిళ్ల చాలు. బిళ్ల అంచు దూరే సందులో పిల్ల బొద్దింక దూరుతుంది. వైట్ సిమెంట్ చిక్కగా కలిపి గరిటెతో పూయండి. పైపు గోడలోకి పోయే రంధ్రం, సింకు కింద, గ్యాస్ పైపు కన్నం ముఖ్యం. అద్దె ఇల్లయితే ఓనర్‌ను ముందు అడగండి. వైట్ సిమెంటుకు కాదనేవాళ్లు తక్కువ.

9. మోరి దారి.

పెద్ద బొద్దింకలకు ఇదే మందు. బాత్రూం జాలీ కింద దోమతెర ముక్క రెండు మడతలు వేసి పెట్టండి. రాత్రి సింకు రంధ్రం మీద గిన్నె బోర్లించండి. వాడని బాత్రూం ఉంటే వారానికోసారి రెండు చెంబుల నీళ్లు పోయాలి. జాలీ కింద వంపులో నిలిచే నీళ్లే వాటికి అడ్డు, అవి ఎండిపోతే దారి తెరుచుకున్నట్టే. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం పైన కూడా తెర కట్టండి. సలసల మరిగే నీళ్లు మోరిలో పోయమని కొందరు చెప్తారు. ప్లాస్టిక్ పైపులైతే వంగి, అతుకులు ఊడిపోతాయి. వద్దు.

10. నాలుగు వారాలకు మళ్లీ ఉండలు మార్చండి.

మందు గుడ్ల మీద పనిచేయదు. ఈరోజు ఉన్న గుడ్ల నుంచి నెల లోపు పిల్లలు వస్తాయి. అప్పటికి మీ ఉండలు రాయిలా ఎండిపోయి ఉంటాయి. పాతవి తీసేసి కొత్తవి పెట్టాలి. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. పదిహేను రోజులకు తగ్గాయని వదిలేస్తారు, రెండు నెలలకు మళ్లీ మొదటికొస్తుంది.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

బోరిక్ వెంటనే చంపదు, వారం పట్టొచ్చు. మూడో రోజు నుంచి పొద్దున ఊడ్చేటప్పుడు వెల్లకిలా పడినవి కనబడితే ఎర తింటున్నట్టే. రెండు వారాలకు క్యాలెండర్ అంకె సగానికన్నా తగ్గాలి. ఉండల మీద కొరికిన గుర్తులే లేకపోతే చోటు తప్పు, లేదా పక్కన వాటికి ఇంకా మంచి తిండి దొరుకుతోంది. ఎక్కువసార్లు అది మూత లేని చెత్త డబ్బానే.

అన్నీ చేసినా అంకె తగ్గకపోతే గోడ అవతల చూడండి. రెండు పోర్షన్ల ఇంట్లో వంటిళ్లు ఒకే గోడకు ఉంటాయి. నేను మూడో ఇంట్లో రెండు నెలలు ఒంటరిగా తిప్పలు పడి, చివరికి పక్కింటి అక్కకు కూడా ఉండలు చేసిచ్చాను. "మా ఇంట్ల బొద్దింకలే లేవు" అంది మొదట. రాత్రి టార్చి వేసి చూపిస్తే ఇక మాట్లాడలేదు. ఇద్దరం ఒకే రోజు పెట్టాక నెలలో పోయాయి.

బిర్యానీ ఆకు, లవంగాలు, కర్పూరం సంగతి అడుగుతారు. ఆ వాసనకు ఆ షెల్ఫు నుంచి పక్క షెల్ఫుకు పోతాయేమో కానీ చావవు. బిర్యానీ ఆకు బిర్యానీలో వేసుకోండి.

ఎవరైనా పొరపాటున ఉండ తిన్నా, ఏ మందు నోట్లోకి పోయినా వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. ఆ డబ్బా చేతిలో పట్టుకుని 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి. డబ్బా చూపిస్తే డాక్టర్‌కు సగం పని తప్పుతుంది.

నల్లులు: మందుకన్నా వేడి నమ్మండి

నల్లులు ఉన్నాయని చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. శుభ్రతకు, వీటికి పెద్ద సంబంధం లేదు. బతుకమ్మ సెలవులకు హాస్టల్ నుంచి వచ్చిన పిల్లల బ్యాగులో, పెళ్లింట్లో కప్పుకున్న బొంతలో, సెకండ్ హ్యాండ్ మంచంతో వచ్చేస్తాయి. దుప్పటి మీద ఇంకు చుక్కల్లాంటి నల్ల మచ్చలు, పరుపు కుట్టు వెంట తెల్లటి పొట్టు కనబడితే ఉన్నట్టే. ఒంటి మీద దద్దులు మాత్రమే చూసి తేల్చుకోవద్దు, అవి దోమలవి కూడా కావచ్చు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండే మన ఆయుధం. 50 డిగ్రీల వేడి లోపలి దాకా తగిలితే నల్లి, దాని గుడ్డు రెండూ చస్తాయి. అందుకే వీలుంటే ఈ పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి.

1. ఆ అర్రలోనే పడుకోండి. నల్లులున్నాయని హాల్లోకి మారితే అవీ మీ వెంట హాల్లోకి వస్తాయి.

2. దుప్పట్లు, దిండు గలీబులు, బట్టలు అక్కడే కవర్లలో మూట కట్టి బయటికి తీసుకెళ్లండి. చేతులు పెట్టలేనంత వేడి నీళ్లలో అరగంట నానబెట్టి ఉతకండి. గొంగడి, ఉన్ని బట్టలు వేడి నీళ్లకు ముడుచుకుపోతాయి. వాటిని నల్ల ప్లాస్టిక్ కవర్లో వదులుగా వేసి, మూతి కట్టి, డాబా మీద మూడు రోజులు ఎండలో పెట్టండి. మధ్యాహ్నం ఒకసారి తిప్పాలి. కుక్కి నింపితే నడుమ వేడెక్కదు.

3. మంచం విప్పండి. నవారు మంచమైతే నవారు మొత్తం ఊడదీసి మరిగే నీళ్లలో ముంచండి. నులక మంచం నులకలో గుడ్లు తీయడం కష్టం. పాతదైతే కాల్చేసి కొత్తది అల్లించుకోవడమే నయం. పట్టెల మూలలు, స్క్రూ రంధ్రాలు, ఇనుప మంచం బోలు పైపుల్లోకి కెటిల్‌తో మరిగే నీళ్లు పోయండి. చెక్క మంచం ప్లైవుడ్‌దైతే నీళ్లు పోయొద్దు, ఉబ్బుతుంది. పాత టూత్ బ్రష్‌తో సందులు గీకి ఎండలో నిలబెట్టండి.

4. దూది పరుపు ఎండలో వేస్తే పైభాగం కాలుతుంది, నల్లులు చల్లగా ఉన్న కిందికి దిగుతాయి. గంటన్నరకోసారి తిప్పాలి. స్పాంజి పరుపులో ఎక్కువ ఉంటే జిప్పు కవరు తొడిగి ఏడాది తీయకుండా ఉంచండి. లోపల ఉన్నవి రక్తం దొరక్క చస్తాయి. నెలల తరబడి ఆకలితో బతకగలవు కాబట్టే ఏడాది అంటున్నాను.

5. మంచం తిరిగి బిగించి గోడకు జానెడు దూరం జరపండి. నాలుగు కాళ్ల కింద నాలుగు గిన్నెలు, వాటిలో నీళ్లు, చుక్క సబ్బు లిక్విడ్. దుప్పటి నేలకు తగలకూడదు. పాతకాలంలో గిన్నెల్లో కిరోసిన్ పోసేవారు. మంచం కింద కిరోసిన్, పక్కన దోమల చుట్ట. ఏమవుతుందో మీకే తెలుసు.

6. గుడ్లు వారం, పది రోజుల్లో పిగులుతాయి. కాబట్టి మొత్తం పని పది రోజుల తేడాతో మూడుసార్లు చేయాలి. ఒక్కసారి చేసి ఆపితే చేయనట్టే.

గిన్నెల్లో ప్రతి ఆదివారం చూడండి. పడినవాటిని లెక్కపెట్టి పారబోయండి. వరుసగా ఎనిమిది వారాలు ఏమీ పడకపోతే, దుప్పటి మీద కొత్త మచ్చ లేకపోతే, పోయినట్టు. గిన్నెల్లో ఏమీ పడకుండా ఒంటి మీద మాత్రం దద్దులొస్తుంటే దుప్పటి ఎక్కడో గోడకు తగులుతోంది, లేదా అవి కుర్చీలో, సోఫాలో ఉన్నాయి.

చీమలు

చీమల బారును ఊడ్చేస్తే రేపు ఇంకో బారు వస్తుంది. అవి పుట్టకు మోసుకుపోయేలా చేయాలి. అర లీటరు వేడి నీళ్లలో పది చెంచాల చక్కెర, తలకొట్టిన ఒక్క చెంచా బోరిక్ పౌడర్ కరిగించి చల్లార్చండి. దూదిని అందులో ముంచి మూతల్లో పెట్టి, బారు పక్కన ఉంచండి. మొదటి రోజు చీమలు రెండింతలవుతాయి. అప్పుడే అందరూ కంగారుపడి చీపురు తీస్తారు. ముట్టుకోకండి. దూది ఎండకుండా చూస్తూ వారం ఆగండి. "ఒక చెంచాకే ఇంత పనిచేస్తే మూడేస్తే ఇంకా మంచిది కదా" అని మా తమ్ముడు వేశాడు. చీమలు దారిలోనే చచ్చాయి, పుట్టలో రాణి హాయిగా ఉంది. తీపి ముట్టని చీమలైతే పల్లీలు మెత్తగా నూరి, అందులో చిటికెడు బోరిక్ కలిపి పెట్టండి. మిగిలిన నీళ్ల సీసా మీద పెద్ద అక్షరాలతో "విషం" అని రాసి, పిల్లలకు అందకుండా పెట్టండి. అది చూడటానికి మామూలు నీళ్లే.

సుద్దముక్కతో గీతలు గీసే మందు గురించి: అందులో ఉండేదీ పురుగుమందే. పిల్లలు దాన్ని బడి సుద్దముక్క అనుకుంటారు. నేను ఇంట్లోకి రానివ్వను.

బియ్యం, కంది పప్పు

బియ్యంలో బోరిక్ పౌడర్ కలిపే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. కడిగితే పోతుందని ధీమా. తినే గింజలో దాన్ని కలపకూడదు. ముక్కపురుగు పడిన బియ్యాన్ని మండుటెండలో పోస్తే గింజ పగిలి నూకవుతుంది. నీడలో చాప మీద పలచగా పోసి, పురుగులు నడిచిపోయాక జల్లించి, మూత బిగుసుకునే స్టీలు డబ్బాలో నింపండి. పాత బియ్యం అడుగున ఉండగానే కొత్తవి పోయొద్దు. డబ్బా ఖాళీ చేసి, మూలలు గుడ్డతో తుడిచి పోయాలి.

కందులు, పెసలు, బబ్బర్లు మాత్రం ఎండకు భయపడవు. రెండు రోజులు గట్టి ఎండలో పోసి, చల్లారాక కిలోకు ఒక చెంచా ఆముదం చేతులతో పట్టించండి. నూనె పూత ఉంటే పుచ్చు పురుగు పెట్టిన గుడ్లు పిగలవు. మన అవ్వలు చేసిందే. రవ్వ, శనగపిండి లాంటివి కిలో లోపు ఉంటే నాలుగు రోజులు డీప్ ఫ్రిజ్‌లో పెట్టి తీయండి, చాలు.

చెదలు

తొలకరికి లైటు చుట్టూ ఉసిళ్లు మూగి, పొద్దునకు నేలంతా రెక్కలు కనబడితే అవి చెదలవే. బయటి నుంచి లైటుకు వచ్చినవైతే భయం లేదు, లైటు తీసేసి కిటికీ మూయండి. కిటికీలు మూసి ఉన్నా ఇంట్లో ఒకే మూల నుంచి లేస్తున్నాయంటే అక్కడ పుట్ట ఉంది.

తలుపు చౌకట్టు మీద మట్టి బాట కనబడితే ఒక బెత్తెడు గీకేసి రెండు మూడు రోజులు ఆగండి. మళ్లీ కట్టుకుంటే లోపల సజీవంగా ఉన్నాయి. కట్టకపోతే పాత బాట అయుండొచ్చు, ఇంకో చోట కూడా గీకి చూడండి. ఒకటి రెండు చౌకట్లకే అయితే ఇళ్లలో చెదలకు అని లేబుల్ మీద ఉన్న ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు చిన్న సీసా తెచ్చి, లీటరు నీళ్లకు 2.1 మిల్లీలీటర్లు కలపండి. చౌకట్టు గోడను తాకే చోట జానెడుకొక సన్న కన్నం పెట్టి, సిరంజితో నిండా ఎక్కించి, మైనంతో మూసేయండి. చేతులకు గ్లోవ్స్ ఉండాలి, ఆ సిరంజి తర్వాత పారేయాలి. నీళ్ల సంపు, బోరు దగ్గర ఈ పని చేయొద్దు. కిరోసిన్ పూస్తే పైన కనబడేవే పోతాయి, పుట్ట నేలలో ఉంటుంది.

మూడు అర్రలకు మించి పాకినా, పైకప్పు దూలాల్లో ఉన్నా మాత్రం ఇంట్లో చేసుకునే పని కాదు. ఈ ఒక్కదానికి డబ్బు పెట్టి పిలిపించండి. వచ్చినవాళ్లను మందు డబ్బా సీలు మీ ముందే విప్పమనండి, గోడ వెంట నేలలో కన్నాలు పెట్టి ఎక్కిస్తారా, పైపైన కొట్టి పోతారా అని ముందే అడగండి. పైపైన కొడతామంటే పంపించేయండి.